40,000 వోల్టుల కాయిల్ చేయని పనులు

పాత కార్లున్నవారి ఫోన్లలో ఏటా ఎండలు ముదరగానే ఒక సందేశం మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. దాని సారాంశం ఇది: "మీ అంబాసిడరో పద్మినియో ఎండలో ఆగిపోతోందా? కాయిల్ పోయింది. ముట్టుకుంటే చేయి కాలితే ఇక అనుమానమే అక్కర్లేదు. 40,000 వోల్టుల కాయిల్ కొనండి. 12 వోల్టులదైతే చాలు, ఏ కారుకైనా సరిపోతుంది. మధ్యలో తెల్లటి పింగాణీ రెసిస్టర్ ఉంటే పీకేయండి, అది కరెంటును మింగేస్తుంది. తీగలు ఎటు బిగించినా ఒకటే. మైలేజీ లీటరుకు మూడు కిలోమీటర్లు పెరుగుతుంది."

నాకు దీన్ని పంపినవారిలో పెద్ద చదువులు చదివినవారూ ఉన్నారు. ఇన్ని తప్పులు ఇంత చిన్న చోట ఇరికించడం కూడా ఒక విద్యే. కాయిల్ అంటే బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ప్లగ్గులో స్పార్క్ (నిప్పురవ్వ) పుట్టించే వేల వోల్టులుగా పెంచే డబ్బా. సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆ 40,000 వోల్టులు. డబ్బా మీద అచ్చువేసిన అంకె కాయిల్ ఇవ్వగలిగిన గరిష్ఠం, ప్రతిసారీ ఇచ్చేది కాదు. స్పార్క్‌ను వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంపే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, అంటే కాయిల్‌కు పోయే కరెంటును కలిపి విడదీసే స్విచ్చు మొనలు, విడిపోగానే కాయిల్‌లో వోల్టేజీ ఎగబాకడం మొదలవుతుంది. ప్లగ్గు సందులో ఉన్న గాలి, పెట్రోలు మిశ్రమం ఇక ఆపలేని స్థాయికి రాగానే స్పార్క్ దూకుతుంది. దూకిన మరుక్షణం వోల్టేజీ పడిపోతుంది. చెరువులో నీరు అలుగు ఎత్తు వరకే నిలుస్తుంది, కట్టను ఇంకో పదడుగులు లేపినా అలుగు మీదుగా పోయే నీరు పోతూనే ఉంటుంది. ఇక్కడ అలుగు ప్లగ్గు సందు. మామూలు నడకలో అంబాసిడర్ లాంటి ఇంజనుకు ఎనిమిది నుంచి పదిహేను వేల వోల్టులు చాలు. ఆ కారుతో వచ్చిన సాధారణ కాయిల్ ఇరవై వేలకు పైగా ఇవ్వగలదు.

"వేగం పెరిగితే సాధారణ కాయిల్ అందుకోలేదు" అనే మాట కూడా ఆ సందేశం కింద కొందరు చేరుస్తారు. లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 స్పార్కులు కావాలి. అంటే ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు పాయింట్లు మూసుకునే ఉంటాయి, కాయిల్ నిండటానికి ఆ సమయం సరిపోతుంది. పందేలకు తిప్పే ఇంజనుకో, ఎనిమిది సిలిండర్ల కారుకో ఈ బెంగ ఉండాలి గానీ, 1489 సీసీ అంబాసిడర్‌కు ఎందుకు?

మరి మైలేజీ పెరిగిందని ప్రమాణం చేసి చెప్పేవారి మాటేమిటి? వారు అబద్ధం చెప్పడం లేదు. కాయిల్ మార్చిన రోజునే మెకానిక్ ప్లగ్గులు శుభ్రం చేసి ఉంటాడు, హాక్సా బ్లేడు పెట్టి సందు సరిచేసి ఉంటాడు, పాయింట్లు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్యకు తెచ్చి ఉంటాడు. ఫలితం వాటిది, పేరు కాయిల్‌ది. మిశ్రమం ఒకసారి సరిగా అంటుకున్నాక స్పార్క్‌కు మరిన్ని వోల్టులు జోడించినంత మాత్రాన పెట్రోలులో లేని వేడి పుట్టుకురాదు.

ఇక అసలు ప్రమాదకరమైన మాట: "12 వోల్టులదైతే ఏదైనా సరిపోతుంది". కాయిల్ కొనేటప్పుడు చూడవలసింది వోల్టులు కాదు, ప్రైమరీ చుట్ట (బ్యాటరీ కరెంటు పారే తీగచుట్ట) ఓమ్‌లు, అంటే అది కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. పాయింట్లున్న పాత కార్ల కాయిళ్లు స్థూలంగా రెండు జాతులు. ఒకటి సుమారు 3 ఓమ్‌లది, బ్యాటరీ కరెంటు నేరుగా దీనిలోకి పోతుంది. రెండోది సుమారు 1.5 ఓమ్‌లది, దీని ముందు మరో 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది, సందేశం పీకేయమన్నది దీన్నే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కోసం చేసినవాటిలో 1 ఓమ్ కూడా లేనివి ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకే డబ్బాలు, అన్నిటి మీదా 12 వోల్టులనే ఉంటుంది.

ఇంజను నడుస్తున్నప్పుడు డైనమో, ఆల్టర్నేటర్ పుణ్యమా అని సర్క్యూట్‌లో దాదాపు 14 వోల్టులు ఉంటాయి. పాయింట్లు మూసుకున్నప్పుడు 3 ఓమ్‌ల కాయిల్ గరిష్ఠంగా 4.7 ఆంపియర్లు లాగుతుంది, పాయింట్లు దానికి తట్టుకుంటాయి. అదే చోట రెసిస్టర్ లేకుండా 1.5 ఓమ్‌ల కాయిల్ బిగిస్తే 9.3 ఆంపియర్లు. పాయింట్లు కాలి గుంటలు పడతాయి, కాయిల్‌లో పుట్టే వేడి రెట్టింపు అవుతుంది. తిరగేసి, బ్యాలస్ట్ ఉన్న కారుకు 3 ఓమ్‌ల కాయిల్ పెట్టారనుకోండి, మొత్తం 4.5 ఓమ్‌లయి కరెంటు 3.1 ఆంపియర్లకు పడిపోతుంది. స్పార్క్‌కు అందే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగం కూడా మిగలదు. బండి నడుస్తుంది, కానీ చలికాలం ఉదయం స్టార్ట్ కాక సతాయిస్తుంది. అప్పుడు అదే సందేశం మళ్లీ వచ్చి ఇంకా "బలమైన" కాయిల్ కొనమంటుంది!

బ్యాలస్ట్ రెసిస్టర్ కరెంటును మింగేస్తుందనేది దాని పని తెలియక అన్న మాట. స్టార్టర్ తిప్పినప్పుడు బ్యాటరీ వోల్టేజీ 9, 10కి జారిపోతుంది, మంచి స్పార్క్ కావలసింది కూడా సరిగ్గా అప్పుడే. అందుకే ఆ కొద్ది క్షణాలూ రెసిస్టర్‌ను తప్పించి కరెంటును నేరుగా కాయిల్‌కు పంపుతారు, ఇంజను అంటుకున్నాక తిరిగి రెసిస్టర్ గుండా మళ్లిస్తారు. దాన్ని పీకేసి తీగలు కలిపితే కాయిల్ ఆ స్టార్టింగ్ మోతాదునే రోజంతా తాగుతుంది. పైగా అది అన్ని కార్లలో పింగాణీ ముక్కగా కనపడదు. కొన్నింటిలో వైరింగ్ కట్టలో ఒక తీగే రెసిస్టర్. ఉందో లేదో తెలుసుకోవడం సులువు. పాయింట్లు మూసుకున్న స్థితిలో తాళం ఆన్ చేసి, తాళం వైపు నుంచి తీగ వచ్చే కాయిల్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. దాదాపు బ్యాటరీ వోల్టేజీ చూపితే రెసిస్టర్ లేదు, ఆరేడు వోల్టులే చూపితే ఉంది. చూడగానే తాళం ఆపేయండి. ఇంజను నడవకుండా పాయింట్లు మూసుకుని కరెంటు పారుతూ ఉంటే మంచి కాయిల్ కూడా మాడుతుంది.

వేడి సంగతికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ నేనూ మోసపోయాను. నడుస్తున్న ఇంజను మీద కాయిల్ చేయి పెట్టలేనంత వేడిగా ఉండటం దానంతట అది రోగం కాదు. లోపల వాట్ల కొద్దీ వేడి, బయట ఇంజను గదిలో మే నెల. ఎండలో ఆగిపోయే బండికి కాయిల్ ఒక అనుమానితుడే. పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై అడ్డుపడటం మరొకటి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పిన పాత డ్రైవర్లు కనిపెట్టింది దాన్నే. మూడోది కండెన్సర్, పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య మంట లేవకుండా చూసే చిన్న భాగం.

కొన్నేళ్ల కిందట హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక మా అంబాసిడర్ ఆగింది. అరగంట నీడలో నిలిపితే నడిచింది, మళ్లీ ఆగింది. దారిలో ఒక షాపులో కాయిల్ అంటగట్టారు. నలభై కిలోమీటర్లకు అదే కథ. ఇంకో ఊళ్లో ఇంకో కాయిల్. చివరికి ఇంటికొచ్చాక డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, పాయింట్ల మధ్య నీలి మంట ఎగిరెగిరి పడుతోంది. కండెన్సర్ చచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వేడెక్కితే విఫలమై, చల్లబడితే మళ్లీ పనిచేసే గుణం దానికీ ఉంది. కాయిల్ ధరలో పిసరంత ధర దానిది.

కాబట్టి బండి ఆగిన చోటే, వేడిగా ఉండగానే చూడాలి. కాయిల్ నుంచి వచ్చే లావు తీగ కొనను ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, ఇంజను లోహానికి ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, మరొకరిని స్టార్టర్ తిప్పమనండి. చేత్తో పట్టుకోకండి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరకే రావద్దు. నీలిరంగులో చిటపటమంటూ దూకితే కాయిల్ నిర్దోషి, పెట్రోలు వైపు వెతకండి. పసుపుగా బలహీనంగా ఉంటే, అసలే లేకపోతే, ముందు కండెన్సర్ మార్చి చూడండి. కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిచి "ఓమ్‌లు బాగున్నాయి" అని వదిలేయడం కూడా తప్పే, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే చూపే కాయిల్ వేడిలో లోపల విరగవచ్చు. డబ్బా అంచు నుంచి నూనె కారుతుంటే మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, మార్చేయడమే.

తీగలు ఎటైనా పెట్టవచ్చన్న మాట సగం నిజం, అందుకే నిలిచింది. తిప్పి పెట్టినా బండి నడుస్తుంది. కానీ వేడెక్కిన నడిమి ఎలక్ట్రోడు నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయలుదేరతాయి, కాబట్టి ప్లగ్గు నడిమి కొన రుణధ్రువం కావాలి. తిరగబడితే అదే స్పార్క్‌కు ఎక్కువ వోల్టులు ఖర్చవుతాయి. బ్యాటరీ రుణధ్రువం బాడీకి కలిపిన కార్లలో ప్లస్ తాళం వైపు, మైనస్ డిస్ట్రిబ్యూటర్ వైపు. పాత బ్రిటిష్ పద్ధతి డబ్బాల మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ (స్విచ్, అంటే తాళం వైపు), సీబీ (కాంటాక్ట్ బ్రేకర్, అంటే పాయింట్ల వైపు) అని ఉంటాయి. అవి ధనధ్రువం బాడీకి కలిపిన రోజులవి. అలాంటి కాయిల్‌ను ఈ కారుకు వాడితే సీబీ గుర్తున్నదే తాళం వైపు పోవాలి. రేడియో గరగర ఆపే చిన్న కెపాసిటర్ కూడా తాళం వైపు టెర్మినల్‌కే. డిస్ట్రిబ్యూటర్ వైపు పెడితే ఇంజనే దగ్గడం మొదలుపెడుతుంది.

పాడైందని సూర్యాపేట దగ్గర తీసిన మా పాత కాయిల్ ఇప్పటికీ 3.1 ఓమ్‌లు చూపుతోంది. ఆ తర్వాత కొన్న రెండింటిలో ఒకటి 1.6 ఓమ్‌లది. డబ్బా మీద మాత్రం 40,000 వోల్టులని ఎర్ర అక్షరాలతో ఉంది. దాన్ని డిక్కీలో ఉంచాను. బండి మీద ఉన్నది పాతదే.