దారిలో ప్రాణం పోతే కేసు మీ మీదేనా, మామయ్యా?

ఈ నెలలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది ఏడోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు. నిన్న రాత్రి పదకొండింటికి సాక్షాత్తూ మా మామయ్య పంపారు. పైన ఎర్ర సైరన్ బొమ్మ, దాని కింద తాటికాయంత అక్షరాల్లో ‘హైకోర్టు లాయర్ చెప్పిన చేదు నిజం’, చివర ‘పది గ్రూపులకు పంపండి, ఒక కుటుంబాన్ని కాపాడండి’. ఏ హైకోర్టో లేదు, ఏ లాయరో లేదు. లాయర్లం పేరు వేసుకునే అవకాశం వస్తే వదులుకునే జాతి కాదు. అక్కడే నాకు అనుమానం.

ఇంకా చూడని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నది చెప్తాను. యాక్సిడెంట్ అయి ఎవరైనా రోడ్డు మీద పడి ఉంటే ముట్టుకోకండి. ముట్టుకుంటే సాక్షిగా రాసుకుని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిప్పుతారు. దారిలో ప్రాణం పోతే 304ఏ, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు, మీ మీదే పెడతారు. పోలీసులు వచ్చేదాకా ప్రైవేటు ఆస్పత్రి చేర్చుకోదు, చేర్చుకుంటే బిల్లు మీరే కట్టాలి. గుద్దినవాడికి మాత్రం పారిపోయే హక్కు చట్టమే ఇచ్చింది. పాతికవేల బహుమతి అనేది ఎర. కాబట్టి సాక్ష్యం కోసం వీడియో తీసుకుని, 108కి ఫోన్ కొట్టి, మీ దారిన మీరు పొండి.

నేను పద్నాలుగేళ్లుగా ఎంవీఓపీలు, అంటే రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులు, వేస్తున్నాను. యాక్సిడెంట్ ఫైళ్ల మధ్యే అన్నం తింటాను, ఒక్కోసారి అక్షరాలా. మామయ్యకు ఫోన్ చేసి చెప్పబోతే ‘‘నువ్వు లాయర్‌వి కదమ్మా, అలాగే అంటావు’’ అన్నారు. ఆ మెసేజ్‌ను నమ్మింది కూడా లాయర్ చెప్పాడనే కదా మామయ్యా! సరే, రాసిపెడుతున్నాను. ఇక ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

చిల్లర ముక్కలు ముందు తేల్చేద్దాం. పాతికవేలు ఎర అట. ఎర వేసి పట్టడానికి మీరేం బొచ్చె చేపా? కేంద్రం 2021లో 5,000తో మొదలుపెట్టింది, 2025లో రాహ్‌వీర్ అని పేరు పెట్టి 25,000 చేసింది. ప్రాణం మీదికి వచ్చినంత పెద్ద ప్రమాదంలో, మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకు ఇస్తారు. వద్దనుకుంటే తీసుకోకండి. అయిపోయింది. వీడియో సంగతి నేను మాట్లాడను. రక్తం కారుతున్న మనిషి ముందు ఫోన్ ఎత్తి నిలబడే చేతికి ఏ సెక్షన్ చెప్పినా దండగే.

గుద్దినవాడికి పారిపోయే హక్కు ఉందన్న ముక్క దగ్గర మొదట నవ్వొచ్చింది, తర్వాత ఆగాను. ఒప్పుకోవాలి, అందులో పావు వంతు నిజముంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడినవాణ్ని డాక్టరు దగ్గరికి చేర్చాల్సింది ఆ బండి డ్రైవరే. జనం కొట్టడానికి మీదపడుతున్నారు, లేదా తన చేతిలో లేని ఇంకో కారణం వల్ల కుదరలేదు, అలాంటప్పుడు ఆ బాధ్యత నుంచి సడలింపు ఉంది. లారీ డ్రైవర్ని కిందికి లాగి తన్నే మన జంక్షన్లను చూస్తే ఆ మాట ఎందుకు రాశారో అర్థమవుతుంది. సడలింపు అంతవరకే. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లోగా దగ్గర్లోని స్టేషన్‌లో జరిగింది చెప్పి తీరాలి. బంపరు మార్పించుకుని, పదిహేను రోజుల తర్వాత వచ్చి ‘ఆ రోజు బండి షెడ్డులో ఉంది’ అనేవాళ్లకు చట్టంలో చోటు లేదు. మా ఫైళ్లలో మాత్రం బోలెడుంది.

సాక్షి భయం. దీని మీద నాకు కోపం లేదు, ఒకప్పుడు అది నిజమే కాబట్టి. నేను ప్రాక్టీసులో చేరిన కొత్తలో మా సీనియర్ గారే ‘‘రోడ్డు మీద ఆగాల్సి వస్తే ఆగమ్మా, కానీ పేరు చెప్పకు’’ అనేవారు. 2015లో సాయపడేవాళ్ల రక్షణకు కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన కేసులో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి చట్టమంత బలం ఇచ్చింది, 2020లో అవి రూల్స్‌గా వచ్చాయి. ఇప్పుడు పేరు, చిరునామా చెప్పమని పోలీసు గానీ మరొకరు గానీ ఒత్తిడి చేయకూడదు. సాక్షిగా ఉంటానని మీ అంతట మీరు ఒప్పుకుంటేనే స్టేట్‌మెంటు. అదైనా మీకు వీలైన చోట, వీలైన వేళ, అధికారి మఫ్టీలో వచ్చి తీసుకోవాలి. మీరే స్టేషన్‌కు వెళ్తే ఒక్కసారిలో ముగించాలి.

కాబట్టి నోరు మూసుకునే హక్కు మీకుంది. దాన్ని వాడుకోకండని మాత్రం నా స్వార్థంతో నేను అడుగుతాను. గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోతే చనిపోయినవాడి ఇంటికి వచ్చేది 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్ దాకా 25 వేలు, 12,500 ఉండేవి. అదే బండి నెంబరు తెలిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఎంవీఓపీ వేస్తాం, మనిషి వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లను బట్టి లెక్క కడతారు. ఆ తేడా చాలాసార్లు ఒక ఆడపిల్ల చదువంత ఉంటుంది. మీరు చూసిన నాలుగు అంకెలు చెప్పి పొండి, చాలు.

ఇక అసలు విషం. ‘దారిలో ప్రాణం పోతే 304ఏ మీ మీదే.’

ముందుగా, ఆ సెక్షన్ ఉన్న ఐపీసీయే పోయింది. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహిత, అందులో ఈ నేరం నెంబరు 106. అంత గొప్ప హైకోర్టు లాయరుగారికి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు. నెంబరు మారితేనేం, భయం మారదు కదా అంటారా, సరే. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. దాని సారం ఇది: ప్రమాదంలో పడినవాడికి సాయం చేసేటప్పుడు, సాయపడినవాడి నిర్లక్ష్యం వల్లే గాయం పెరిగినా, మనిషి చనిపోయినా, అతని మీద సివిల్ చర్య ఉండదు, క్రిమినల్ చర్య ఉండదు.

ఇంకోసారి చదవండి. ‘నిర్లక్ష్యం లేకపోతే కేసు ఉండదు’ అనడం లేదు. అది చెప్పడానికి పార్లమెంటు కూర్చోవాల్సిన పనిలేదు. నిర్లక్ష్యం ఉన్నా బాధ్యత లేదు అంటోంది. మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తారు, హెల్మెట్ లాగేశారు, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోశారు. ఇవన్నీ చేయకూడనివే. అయినా మంచి ఉద్దేశంతో చేస్తే మీ మీద కేసు నిలబడదు. అదే ఆస్పత్రిలో వైద్యం చేస్తూ నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన డాక్టరుకు 106లో ఇచ్చిన సడలింపు ఏమిటో తెలుసా? జైలు ఐదేళ్ల దాకా అన్నచోట రెండేళ్ల దాకా అన్నారు. అంతే. ఎంబీబీఎస్ చదివినవాడికి శిక్ష తగ్గింది. చింతపండు కొనడానికి స్కూటీ మీద బయల్దేరి దారిలో ఆగిన మీకు బాధ్యతే పోయింది. ఇంత ఉదారంగా చట్టం మనతో ఎప్పుడూ ఉండదు. ఉన్న ఒక్కసారి కూడా మనం సైరన్ బొమ్మను నమ్ముతున్నాం.

షరతులు లేకపోలేదు. మంచి మనసుతో, మీ అంతట మీరు, ప్రతిఫలం ఆశించకుండా చేసి ఉండాలి. పడిపోయినామె మెళ్లో గొలుసు తెంపుకుంటూ ‘ఊపిరి ఆడట్లేదని వదులు చేశా’ అంటే కుదరదు. గుద్దింది మీరే అయితే, ఆస్పత్రిలో చేర్చినంత మాత్రాన గుద్దిన తప్పు మాఫీ కాదు.

మెసేజ్ రాసినవాడికి కనబడని అసలు కన్నం ఒకటుంది, నేనే చూపిస్తాను. 134ఏ మోటారు వాహన ప్రమాదాలకు మాత్రమే. బస్టాండులో గుండె పట్టుకుని కూలిపోయినవాడు, బావిలో పడిన పిల్లాడు, పొలంలో కరెంటు షాక్ కొట్టిన రైతు, వీళ్ల దగ్గరికి పరిగెత్తినవాడికి ఈ గొడుగు లేదు. న్యాయ సంహితలో సెక్షన్ 30 ఉంది, సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నవాడి మేలు కోరి చేసిన పని నేరం కాదంటుంది. పాత ఐపీసీ 92నే అది. కానీ అది క్రిమినల్ వైపు మాట. నష్టపరిహారం దావా గురించి అది మాట్లాడదు. అలాంటి దావా వేసినవాణ్ని నేనైతే ఇంతవరకు చూడలేదు. అయినా కన్నం కన్నమే. భయపెట్టాలనుకున్నవాడికి భయపెట్టడం కూడా సరిగ్గా చేతకాలేదు.

ఆస్పత్రి సంగతికి వద్దాం. 1989లో తీర్పు వచ్చిన పరమానంద్ కటారా కేసు సుప్రీంకోర్టుకు వెళ్లిందే ఒక పేపరు వార్త పట్టుకుని. స్కూటర్ మీద వెళ్తున్నవాణ్ని కారు గుద్దింది, ఒకాయన మోసుకెళ్లి దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చాడు. మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసులతో ముడిపడినవి, మేం చూడం, ఇరవై కిలోమీటర్ల అవతల ఫలానా ఆస్పత్రికి పొండన్నారు. ఆ ఇరవై కిలోమీటర్ల మధ్యలో ప్రాణం పోయింది. దారిలోనే పోయింది మామయ్యా! తప్పు మోసుకెళ్లినవాడిదా? సర్కారీ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం చూడాల్సిందేనని కోర్టు తేల్చింది. ఫార్మాలిటీల కోసం ఆగకుండా వెంటనే వైద్యం మొదలుపెట్టడం డ్యూటీ డాక్టరు విధి అని సెక్షన్ 134లోనూ ఉంది. అంటే చట్టం ఎవరి నెత్తిన బరువు పెట్టిందో వాణ్ని మెసేజ్ వదిలేసింది, ఎవరి నెత్తి మీది నుంచి దించిందో వాడికి మళ్లీ ఎత్తింది.

బిల్లు అంటారా. చేర్చినవాడు బంధువు కాకపోతే అతన్ని రిజిస్ట్రేషన్, అడ్మిషన్ డబ్బులు అడగకూడదు, ఆపకూడదు. 2025 మే నుంచి లక్షన్నర దాకా, ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం చేసే పథకం వచ్చింది. ఇవన్నీ కాగితం మీదే అంటే గట్టిగా కాదనలేను. పోయిన వేసవిలో నా కళ్లతో చూశాను.

హైవే మీద చౌటుప్పల్ దాటాక ఒక కుర్రాడు డివైడర్ పక్కన పడి ఉన్నాడు, బైకు పది గజాల అవతల. చుట్టూ పాతికమంది, సగం ఫోన్లు పైకి. 108కి చెప్పాం, వస్తోందన్నారు. రక్తం ఆగేలా లేదు. మా చిన్న కారు వెనక సీటు నిండా ఫైళ్ల మూటలు, వాణ్ని పడుకోబెట్టే చోటు లేదు. ఆటో ఒకటి ఆగి ఉంటే అడిగాను. ‘‘వద్దు మేడం, బండి స్టేషన్ల పెడ్తరు. మొన్న మా గ్రూపుల వచ్చింది’’ అన్నాడు. ఏ మెసేజో మీకు చెప్పక్కర్లేదు. అక్కడే రోడ్డు మీద నిలబడి 134ఏ చెప్పాను, డబ్బులు ఆశించకుండా సాయపడినవాడి జోలికి ఎవరూ రారని చెప్పాను. నల్లకోటు చూసి నమ్మాడో, కుర్రాడి చెప్పులు చూసి మనసు కరిగిందో, ‘‘ఎక్కియ్యండి’’ అన్నాడు.

ఆస్పత్రి కౌంటర్లో మొదటి ప్రశ్న ‘‘అటెండర్ ఎవరు? ఇరవై వేలు డిపాజిట్’’. సాయపడినవాళ్ల హక్కులేమిటో ఎంట్రన్స్‌లో తెలుగులో కూడా రాసి పెట్టాలి కదా, బోర్డు ఏదండీ అన్నాను. చూపించారు. ఉంది. దాని ముందు వాటర్ క్యాన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రెండు క్యాన్లు నేనే పక్కకు జరిపి, కింది లైను గట్టిగా చదివాను. ఆ తర్వాత ఎవరూ డిపాజిట్ అడగలేదు. ఎవరూ సారీ కూడా చెప్పలేదు. కుర్రాడు బతికాడు.

బయటికొచ్చేసరికి ఆటో అతను బాటిల్‌తో నీళ్లు పోస్తూ రెగ్జిన్ సీటు కడుగుతున్నాడు. ఎర్రనీళ్లు ఫుట్‌బోర్డు మీదుగా కారుతున్నాయి. మధ్యాహ్నం బేరం అంతా పోయింది. పర్సులోంచి ఐదొందలు తీశాను.

‘‘వద్దు మేడం. పైసలు తీస్కుంటే ఆ సెక్షను నాకు పనిచెయ్యదని మీరే చెప్పిన్రు గదా.’’

కిరాయి వేరు, ప్రతిఫలం వేరు అని వాదించబోయాను. ఏ జడ్జి ముందైనా అరగంట వాదించగలను. అతను అప్పటికే స్టార్ట్ చేశాడు.