సున్నా సుంకం, మూసిన గేటు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుగట్ల మీద 2025లో కౌంట్ ధరతో (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరతో) పాటు అమెరికా సుంకం కూడా రోజువారీ ముచ్చటైంది. 2025 ఆగస్టులో భారత సరకుపై ఆ దేశం ముందు 25 శాతం వేసింది, 27వ తేదీకల్లా దాన్ని 50 చేసింది. రొయ్యపై అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సర్కారు రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు కలిపితే 58 శాతం దాటింది. అదే నెలలో ఈక్వెడార్ నెత్తిన పడిన కొత్త సుంకం 15 శాతమే. అందరికీ 50 అయి ఉంటే ఆ భారం అమెరికాలో కొనుక్కుని తినేవాడూ కొంత మోసేవాడు. పక్కవాడికి 15, మనకు 50 అన్నప్పుడు అది నేరుగా మన రైతు ధరలో కోత అయింది.

అందుకే సుంకం రాయితీలను తేలిగ్గా తీసిపారేయలేం. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో రొయ్యకు సుంకం ఎత్తేయడం మంచి కబురే. మా పేచీ అక్కడ కాదు. ఢిల్లీ ఏ ఒప్పందం చేసుకున్నా ఎన్ని వస్తువులకు సుంకం పోయిందో లెక్కచెప్పి పండగ చేసుకుంటుంది. రేవులో ల్యాబ్ రిపోర్టు ఏమంటుందన్నది ఎవరికీ పట్టదు.

జపాన్ సంగతే చూడండి. ఆ దేశంతో ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2011 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి మన రొయ్యల్లో ఇథాక్సిక్విన్ ఉందంటూ సరకు ఆగిపోవడం మొదలైంది. మేతలో వేసే చేపపొడి చెడిపోకుండా కలిపే పదార్థమది. చేపల్లో 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) వరకు ఒప్పుకునే జపాన్, రొయ్యకు విడిగా పరిమితి లేదు కాబట్టి 0.01 పీపీఎం దాటకూడదంది. అంటే నూరో వంతు. చివరికి 2014లో దాన్ని 0.2కు సడలించింది. ఈలోగా మన చెరువులో రొయ్య మారలేదు, జపాన్‌లో దాన్ని తినేవాడి కడుపూ మారలేదు.

యూరప్ 2016లో మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. సుంకం ఎంతో ఓడ ఎక్కకముందే తెలుస్తుంది, ధరలో కలుపుకోవచ్చు. పరీక్ష ఫలితం మాత్రం సరకు అవతలి రేవుకు చేరాక తెలుస్తుంది. అన్నాళ్లూ కోల్డ్ స్టోరేజీ అద్దె, బ్యాంకు వడ్డీ, వెనక్కి పంపేస్తారేమోనన్న టెన్షన్. ఎగుమతిదారు ఆ రిస్కుకు కూడా ధర కట్టి, కౌంట్ రేటులో ముందే కోసేస్తాడు. ఇక ఆస్ట్రేలియా అయితే తెల్లమచ్చ వైరస్ పేరు చెప్పి పొట్టు తీయని పచ్చి రొయ్యను ఏళ్ల తరబడి రానివ్వలేదు. 2022 డిసెంబరు 29 నుంచి ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం అమల్లో ఉన్నా ఆ గేటు కాస్త తెరుచుకోవడానికి 2025 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా పరాయి దేశాల కుట్ర అంటే మేం ఒప్పుకోం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటి నిషేధిత మందుల ఆనవాళ్లు మన సరకులో దొరికిన మాట నిజం. మన పిల్లలకు పెట్టని రొయ్యను పారిస్‌వాళ్లు తినాలనడం న్యాయం కాదు. అన్నట్టు, ఈ విద్యలో మనమూ తక్కువ తినలేదు. 2021 జనవరి 1 నుంచి మన నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర లేని బొమ్మలను మన దేశంలోకి రానివ్వడం లేదు. పిల్లల భద్రత అందులో ఒక కారణం, చైనా బొమ్మలకు కళ్లెం వేయడం మరో కారణం. అవతలివాళ్ల నిబంధనల్లోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. పరిమితికి శాస్త్రీయ ఆధారం చూపాలని అడిగే హక్కు ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) నిబంధనలే ఇస్తున్నాయి కాబట్టి, ఆ రెండింటినీ విడదీయడం బేరమాడేవాళ్ల పని.

చెరువులో రొయ్య పట్టకముందే నమూనాను పరీక్షించే ఎంపెడా (కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబ్‌లు మనకున్నాయి. ఆ రిపోర్టును అవతలి రేవులో నమ్మేలా రాయించుకోవడం మీద కేంద్రం సుంకాల మీద పెట్టినంత పట్టు పెట్టాలి. ఆ నమ్మకం నిలబడాలంటే నిషేధిత యాంటీబయాటిక్‌లు ఏ పేరుతో, ఏ డబ్బాలో చెరువు దాకా వస్తున్నాయో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మందుల దుకాణాల్లో, రొయ్యపిల్లలను ఉత్పత్తి చేసే హేచరీల్లో వెతకాలి. రైతు మీద కేసు పెట్టడం తేలిక. అమ్మినవాడిని పట్టుకోవడంతో మొదలుపెట్టమంటున్నాం.