కంటికి తెర పడితే మెడ చూడాలి

ఉన్నట్టుండి ఒక కంటికి పైనుంచి నల్లటి తెర దిగినట్టవుతుంది. కొన్ని నిమిషాల్లో చూపు మళ్లీ మామూలైపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎండకు కళ్లు తిరిగాయనో, షుగర్ తగ్గిందనో అనుకుని చాయ్ తాగి పనిలో పడతారు. అది పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావచ్చని చాలామందికి తెలియదు.

మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులుంటాయి. కంటికి రక్తమిచ్చే నాళం వాటి కొమ్మే. మెడలోని ఆ నాళంలో కొవ్వు పేరుకుని, దాని ముక్క ఊడి కంటి నాళంలో చిక్కుకుంటే చూపు పోతుంది. ముక్క ఊడకపోయినా, నాళం బాగా సన్నబడితే రక్తం చాలక రెటీనా (కంటి లోపల వెలుగును గుర్తించే పొర) నీరసిస్తుంది. ఎండలోంచి ఇంట్లోకి వచ్చాక ఒక కన్ను వెంటనే సర్దుకుంటుంది, రెండోది చాలాసేపు మసకగానే ఉంటుంది. అలాంటివారు అక్షరాల పట్టిక గడగడా చదివేయొచ్చు. రెటీనా స్పందనను కొలిచే ఈఆర్‌జీ లాంటి పరీక్షల్లో తేడా బయటపడొచ్చు.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊరూరా కళ్లద్దాలు పంచింది. ఎంతో మంచి పని. ఇకపై జరిగే ప్రతి కంటి శిబిరంలోనూ ఇంకో మాట అడగాలని కోరుతున్నాం. "అవ్వా, ఎప్పుడన్న ఒక్క కన్ను కాసేపు కనబడకుండ పోయిందా? రెండోది మూసి చూసుకున్నవా?" బీపీ, షుగర్ ఉన్నవాళ్లను, ఏళ్ల తరబడి బీడీ తాగినవాళ్లను తప్పకుండా అడగాలి. దీనికి మెషీన్ అక్కర్లేదు, ఆశా కార్యకర్త చాలు.

అందరికీ మెడ స్కానింగ్ చేయమని మేం అనడం లేదు. లక్షణాలు లేనివారికి అది అనవసరపు టెన్షన్, ఒక్కోసారి అక్కర్లేని ఆపరేషన్ కూడా. కానీ కన్ను ఒక్కసారి ఆరి వెలిగినా ఆగకూడదు. పక్షవాతం ముప్పు మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ. ఇలాంటి లక్షణాలుండి, మెడ నాళం 70 శాతానికి మించి సన్నబడినవారికి అందులోని కొవ్వు తీసే ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లోనే ఉత్తర అమెరికా పరిశోధన తేల్చింది. చేస్తే రెండు వారాల్లోపు చేయాలన్నది నేటి వైద్యుల మాట.

వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఒకచోట, ఎంజీఎం పెద్దాస్పత్రి మరోచోట ఉన్నాయి. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని "రేపు రా" అంటే మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. కంటి ఓపీ చీటీ మీదే ఆ రోజే ఎంజీఎంలో మెడ డాప్లర్ (నాళాల్లో రక్త ప్రవాహం చూసే స్కానింగ్) జరిగేలా రెండు ఆస్పత్రుల అధికారులు కూర్చుని ఏర్పాటు చేయాలి. అందుకు కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.