వైద్య విద్యార్థుల మాట సోమరితనపు సాకు కాదు

కర్నూలు డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. 1957లో మొదలైన మన మెడికల్ కాలేజీ ఏ సర్వేలూ లేకుండానే వేలమంది డాక్టర్లను ఇచ్చిందనీ, చదువుకునే వాతావరణం బాగాలేదనడం ఇప్పటి పిల్లల సోమరితనమనీ, వార్డు నిండా రోగులుంటే విద్య దానంతటదే వస్తుందనీ, తిట్లు తిన్నవాడే డాక్టరవుతాడనీ దాని సారాంశం. కాలేజీ ప్రతిష్ఠ విషయంలో నాకు పేచీ లేదు. మిగిలిన మూడు మాటలూ తప్పు.

సోమరితనం సంగతి ముందు చూద్దాం. చదువుకునే వాతావరణంపై విద్యార్థుల అభిప్రాయాన్ని కొలవడానికి స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో రూపొందించిన 'డ్రీమ్' ప్రశ్నావళి 1997 నుంచి వాడుకలో ఉంది. అందులో 50 వాక్యాలు, విద్యార్థి ఎంతవరకు ఒప్పుకుంటాడన్నదాన్ని బట్టి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 200. బోధన, బోధకులు, తన చదువుపై తనకున్న నమ్మకం, వాతావరణం, తోటివారితో జీవితం అన్నవి దానిలోని ఐదు భాగాలు. 9 వాక్యాలు ప్రతికూలంగా ఉంటాయి కాబట్టి వాటి మార్కులను తిరగేసి లెక్కిస్తారు. చదవకుండా ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయినవాడు అక్కడే దొరికిపోతాడు. ఏ వాక్యానికి సగటు 2 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలంటారు. ఉత్త గొణుగుడులో ఇంత వివరం ఉండదు.

రోగులు ఎక్కువమంది ఉండడం నిజంగా సంపదే. ఆదోని, ఆలూరు నుంచే కాక గద్వాల, రాయచూరు వైపు నుంచీ కర్నూలు పెద్దాసుపత్రికి వస్తారు. కానీ రోగి ఉండడం వేరు, విద్యార్థి చెయ్యి రోగిపై పడడం వేరు. నేను చదివింది వేరే జిల్లాలో. అక్కడ మెడిసిన్ వార్డులో ప్లీహం (స్ప్లీన్) వాచిన ఒక ముసలాయన మంచం చుట్టూ పాతికమందిమి నిలబడ్డాం. నలుగురు పొట్ట నొక్కి చూసేసరికి ఆయన "ఇంగ చాలు నాయనా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిగిలిన ఇరవై ఒక్కమందిమీ పక్కవాడి నోట్సు చూసి, ప్లీహం చేతికి తగిలిందని రాసుకున్నాం. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక నైపుణ్యాలను చేసి చూపించాలంటుంది. అందుకు మంచం దగ్గర ఐదారుగురికి మించి ఉండకూడదు.

ఇక తిట్ల మాట. ఇది నాకు సొంత అనుభవం కనుక గట్టిగానే చెబుతున్నాను. మూడో సంవత్సరంలో, గుండెలో మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వచ్చే అదనపు శబ్దం) నాకు వినబడలేదని ఉన్నమాట చెప్పినందుకు రోగి ముందే నవ్వులపాలయ్యాను. ఆ తర్వాత హౌస్‌సర్జన్‌ అయ్యేదాకా, వినబడకపోయినా వినబడిందనే చెబుతూ వచ్చాను. తిట్లు నాకు వైద్యం నేర్పలేదు, అబద్ధం నేర్పాయి. డ్రీమ్‌లో "బోధకులు విద్యార్థులను ఎగతాళి చేస్తారు" అన్న వాక్యం ఊరికే లేదు.

ఈ ప్రశ్నావళి నైపుణ్యాన్ని కొలవదు, పరీక్షకు బదులు కాదు, అంతవరకు ఒప్పుకుంటాను. అయినా కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ కళాశాలల్లో, పరీక్షల హడావుడి లేని నెల చూసి, పేర్లు రాయించకుండా దీన్ని నింపించాలి. తక్కువ మార్కులొచ్చిన వాక్యాలను యూనిట్ చీఫుల ముందు పెట్టి, వాళ్ళు మార్చగలిగినవి మార్చాక, ఆరు నెలలకు అవే 50 ప్రశ్నలు మళ్ళీ అడగాలి.