ఇది ఓఆర్ఎస్ కాదు (దయచేసి భూతద్దంతో చదవగలరు)

ఈ దేశంలో పిల్లల ఆరోగ్యాన్ని పట్టించుకునేవాళ్ళు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పట్టించుకున్నారు. 2022లోనే పట్టించుకున్నారు. కాకపోతే చాలా చిన్న అక్షరాల్లో పట్టించుకున్నారు. అవి మనకు ఆనలేదంటే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది మనం.

సంగతి మీకు తెలిసిందే. మెడికల్ షాపులో ఒక అట్టడబ్బా. దాని మీద నిగనిగలాడే పండు బొమ్మ, పేరులో బారెడు అక్షరాలతో ఓఆర్ఎస్, అంటే విరేచనాలప్పుడు ఒంట్లో నీరు తగ్గకుండా తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణం పేరు. లోపల ఉండేది చక్కెర దట్టించిన రంగునీళ్ళు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇలాంటి పేర్లు కుదరవంది. ఆ వేసవి ఎండలకు ఎవరి మనసు కరిగిందో ఏమో, జులైకల్లా మాట మారింది. పేరు పెట్టుకోండి, మీ ట్రేడ్‌మార్క్ కదా, కాకపోతే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదు' అని డబ్బా మీద ఒక ముక్క రాయండి అన్నారు. 2024 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తర్వు ఇచ్చి ఈ ఏర్పాటును కొనసాగించారు.

అంటే ముందువైపు అదే, మూలన అది కాదు. ఇంత ఉదారమైన విధానాన్ని రంగునీళ్ళకే పరిమితం చేయడం అన్యాయం. ముందుగా పెళ్ళి సంబంధాలకు వర్తింపజేయాలని నా సవినయ మనవి.

పెళ్ళిచూపులు జరుగుతున్నాయి అనుకోండి. అబ్బాయి బయోడేటా మీద అరచేయంత అక్షరాల్లో 'డాక్టర్'. కాఫీలయ్యాయి, కారప్పూస అయ్యింది. అమ్మాయి తండ్రి మర్యాదగా అడిగాడు.

"అబ్బాయి ఏ ఆసుపత్రిలో అండీ?"

"ఆసుపత్రి కాదు బావగారూ, టైల్స్ షాపు."

"మరి డాక్టర్ అని వేశారు?"

"వేశాం. కాగితం వెనక్కి తిప్పండి. కింద, ఎడమ మూల."

తిప్పారు. మామ్మగారి కళ్ళజోడు తెప్పించారు, అది చాలక సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూశారు. 'పైన పేర్కొన్న వ్యక్తి వైద్య మండలి గుర్తించిన డాక్టర్ కాదు' అని ఇంగ్లీషులో ఉంది. మధ్యవర్తి నొచ్చుకున్నాడు. "చదువుకున్న కుటుంబం అనే కదండీ ఈ సంబంధం తెచ్చాను. కాగితం ఇచ్చినప్పుడే మొత్తం చదువుకోవాలి కదా." అబ్బాయి తండ్రి అందుకున్నాడు. "డాక్టర్ అన్నది మా ఇంటి ట్రేడ్‌మార్క్ బావగారూ. దాని మీద ఎంతో ఖర్చు పెట్టాం. ఇప్పుడు తీసేయమంటే ఎలా? పైగా శుభలేఖలు అచ్చయిపోయాయి. కనీసం ఆ స్టాకు అయిపోయేవరకైనా మావాణ్ణి డాక్టరుగానే ఉండనివ్వండి."

"రేపు పిల్లకు జ్వరం వస్తే?" అంది అమ్మాయి తల్లి.

"మావాడే మందిస్తాడు వదినగారూ. పేరుందిగా!"

అప్పుడు లోపలి నుంచి అమ్మాయి వచ్చి తన బయోడేటా వాళ్ళ చేతిలో పెట్టింది. ముందువైపు 'వధువు' అని ఉంది. "వెనక్కి తిప్పండి మామయ్యగారూ, ఎడమ మూల" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఇంకో నిమిషం గడిచి ఉంటే కుర్చీలు లేచేవి. లేవాలి కూడా. మరి అదే పని పిల్లాడి ప్రాణంతో చేస్తే దానికి ఉత్తర్వు నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది.

అసలు ఓఆర్ఎస్ అంటే ఏముందో చూడండి. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాముల పొడి. ఇందులో గ్లూకోజు రుచి కోసం కాదు. పేగుల్లో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. అందుకే ఆ రెండింటి పాళ్ళు లెక్కగా ఉండాలి. ఉప్పు తగ్గించి చక్కెర కుమ్మరిస్తే వ్యవహారం తిరగబడుతుంది. పేగులోని చక్కెర ఒంట్లోని నీటిని తనవైపు లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పిల్లాడు నీరసపడేకొద్దీ తల్లి ఇంకో డబ్బా తెస్తుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి వాడూ మారాం చేయకుండా తాగేస్తాడు. వ్యాపారం దృష్టితో చూస్తే ఇంతకు మించిన సరుకు లేదు, జబ్బు ముదిరేకొద్దీ అమ్మకం పెరుగుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు నిండుకుంటుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కట్టించి డ్రమ్ముల్లో కలిపించారు. నర్సులు చాలక రోగుల బంధువుల చేతికే కప్పులిచ్చి తాగించమన్నారు. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయాయి. కనిపెట్టినవాళ్ళు దీన్ని తాళం వేసి దాచుకోలేదు. లెక్క లోకానికంతా తెలుసు, ప్యాకెట్ చౌక, ఆశా కార్యకర్త దగ్గరా పీహెచ్‌సీలోనూ ఉచితం. దాని జబ్బే అది. ఊరికే ఇచ్చేదానికి అందమైన డబ్బా ఎవరు చేస్తారు? షాపువాడికి మార్జిన్ ఎక్కడిది? కాబట్టి ఇన్నేళ్ళుగా ప్రాణాలు నిలబెట్టి సంపాదించుకున్న మంచిపేరును మాత్రం ఊడబెరికి పక్క డబ్బాకు అంటించారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. రాత్రి పదింటికి, బిడ్డ కళ్ళు గుంటలు పడి ఉంటే, మెడికల్ షాపు కౌంటర్ ముందు నిలబడ్డ తల్లి చేతికి 'ఓఆర్ఎస్ ఇవ్వండి' అంటే ఈ డబ్బా ఇచ్చారు. షాపు ఎక్కడో సందులో కాదు, ఒక్కోసారి ఆసుపత్రి మెట్ల పక్కనే. ఆమె మూల అక్షరాలు చదవలేదు కాబట్టి తప్పు ఆమెదా? ఏ భాషలో చదవాలి? మన లేబుల్ నిబంధనల ప్రకారం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో వేయడం కంపెనీవారి దయ. ఆ ముక్క రాయమని ఉత్తర్వు ఇచ్చినవారికి ఒక సంగతి కచ్చితంగా తెలుసు, ఆ డబ్బాలో ఉన్నది ఓఆర్ఎస్ కాదని. తెలుసు కాబట్టే రాయమన్నారు. తెలిసీ అమ్మనిచ్చారు. దీన్ని నిర్లక్ష్యం అనడం నిర్లక్ష్యానికే అవమానం.

ఇది తేలడానికి హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు కొట్లాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు పెట్టారు, 2022లో తెలంగాణ హైకోర్టులో పిల్ వేశారు. చివరికి 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ తన పాత అనుమతులు వెనక్కి తీసుకుంది. పేరు ముందు, వెనక, మధ్యలో ఎక్కడా ఓఆర్ఎస్ అని ఉండకూడదంది. ఆవిడ కెమెరా ముందు ఏడ్చేశారు. ఒక అబద్ధాన్ని అబద్ధం అని ప్రభుత్వం చేత అనిపించినందుకు ఒక డాక్టర్ ఆనందంతో ఏడవాల్సి వచ్చిందంటే మన విధానాల వేగం అర్థం చేసుకోండి.

ఏడుపు ఆరకముందే, మూడంటే మూడు రోజులకు, ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టు నుంచి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. ఎనిమిదేళ్ళకు, మూడు రోజులకు మధ్య తేడాలో ఎవరి దగ్గర లాయర్లున్నారో, ఎవరి దగ్గర స్టెతస్కోపు మాత్రమే ఉందో తెలిసిపోతుంది. నెలాఖరున ఇంకో కంపెనీ వెళితే మాత్రం అదే కోర్టు ఒప్పుకోలేదు. నవంబరులో షాపుల నుంచీ ఆన్‌లైన్ నుంచీ ఆ సరుకు తీసేయించమని రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్ళాయి. మీ వీధి చివర షాపుదాకా ఆదేశం నడిచి వచ్చిందో లేదో ఒకసారి వెళ్ళి చూసి రండి. వెళ్ళినప్పుడు అసలు ప్యాకెట్ ఉందా, జింక్ ఉందా కూడా అడగండి. విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ ఇవ్వాలన్నది కూడా ప్రభుత్వం పెట్టిన పద్ధతే. అది మాత్రం ఏ డబ్బా మీదా బారెడు అక్షరాల్లో కనబడదు.

పేరు తీసేస్తే చక్కెర పోతుందా అంటారా? దానికీ ఏర్పాట్లు జరుగుతున్నాయి. చిలీ దేశం 2016 నుంచీ చక్కెర ఎక్కువున్న సరుకు ముఖం మీద నల్లటి అష్టకోణం ముద్ర గుద్దుతోంది. చదువు రాని పిల్లాడికి కూడా తెలుస్తుంది. మనవాళ్ళకు అంత మొరటుతనం నచ్చలేదు. 2022 సెప్టెంబరులో స్టార్లు ఇద్దామని ముసాయిదా తెచ్చారు. ముందువైపు ఏం వేయాలో మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ముసాయిదాలో మంచి సరుకుకు అయిదు స్టార్లు, అన్నిటికన్నా చెడ్డదానికి అర స్టార్. ఎన్ని చెంచాల చక్కెర గుమ్మరించినా ఆ అర మాత్రం ఎక్కడికీ పోదు. సున్నాను లోకానికి ఇచ్చింది మేమేనని ప్రతి సభలో చెప్పుకునేవాళ్ళకు, ఒక చక్కెర డబ్బాకు సున్నా వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.