ఉపగ్రహానికీ లోకమంతా పచ్చనే

పదేళ్లలో 147 శాతం! 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న హైదరాబాద్ అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి పెరిగిందని భారత అటవీ సర్వే చెప్పింది మొదలు, చెట్ల మాటెత్తితే చాలు ఈ అంకె తెచ్చి ముందు పెడుతున్నారు. ఆ పదేళ్ల పెరుగుదలలో మహానగరాల్లో మనమే ఫస్ట్. సంతోషమే. మే నెల మిట్టమధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినవాడికి ఆ అడవి ఎక్కడుందో కూడా చూపిస్తే బాగుండు.

గజాల్లో చెప్పుకుందాం, ఈ ఊళ్లో అందరికీ తెలిసిన భాష అదే. సర్వేవాళ్లు వాడే లిస్-3 అనే ఉపగ్రహ కెమెరా చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్ల చదరం. అంటే సుమారు 660 గజాలు. మన బస్తీల్లో అంత జాగాలో ఏడెనిమిది ఇళ్లు లేస్తాయి. వాటి మధ్య నిలిచిన ఒక్క వేపచెట్టు స్లాబులతో, రేకులతో, రోడ్డుతో కలిసిపోయి ఒకే రంగుగా మిగులుతుంది. పైగా అటవీ విస్తీర్ణంలోకి ఎక్కాలంటే కనీసం హెక్టారు, దాదాపు 12 వేల గజాలు ఉండాలి. అందులో పది శాతం మేర చెట్ల గొడుగు ఉంటే చాలు, మామిడి తోటైనా లెక్కలోకి వస్తుంది. నగరంలో చెట్లు అడవుల్లా పోవు, ఒక్కొక్కటిగా పోతాయి. ఫ్లైఓవర్ పిల్లర్‌కి ఒకటి, కరెంటు తీగకి ఒకటి, దుకాణం బోర్డు కనబడాలని ఇంకొకటి. ఆ వేపను కొట్టేసినా 81.81లో అంకె కదలదు.

ఉపగ్రహం లేకుండా ఇంత నగరాన్ని ఎవరు కొలుస్తారంటారు. నిజమే. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం గడి 120 గజాలే, చిత్రాలు ఉచితం కూడా. కానీ పచ్చదనం సూచీ చూసేది ఒక్కటే: ఆకు ఎరుపు కాంతిని ఎంత మింగింది, పరారుణ కాంతిని ఎంత వెనక్కి కొట్టింది అని. ఆ అంకె ఒక్కదానితో మర్రి ఏదో, డివైడర్ మీది కోనోకార్పస్ ఏదో, చెరువును కమ్మేసిన గుర్రపు డెక్క ఏదో తేలదు.

అసలు పేచీ కెమెరాతో కాదు, పహాణీతో, అంటే రెవెన్యూ రికార్డుతో. అటవీ సర్వే భూమి ఎవరిదని అడగదు, రికార్డులో ఏం రాసుందో చూడదు, పైనుంచి చెట్లు కనబడితే చాలంటుంది. 147 శాతం అలా వచ్చిందే. అదే 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి భూముల దగ్గరికొచ్చేసరికి, రికార్డుల్లో అది అడవే కాదని ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపేనాటికి సుమారు వంద ఎకరాల్లో పచ్చదనం నేలమట్టమైంది. గొప్ప చెప్పుకోవడానికి ఉపగ్రహం సాక్షి, భూమి అమ్ముకోవడానికి రెవెన్యూ రికార్డు సాక్షి! గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ఇంతే. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర ముందు పచ్చని గడి ఏపాటి?

ఇస్రో ఉపగ్రహాల చిత్రాలు దిగేది మన షాద్‌నగర్‌లోనే, వాటిని చదివే నిపుణులు ఉండేది బాలానగర్‌లోనే. ఇకమీదట ప్రతి భూమి వేలం ప్రకటనలోనూ సర్వే నంబరు పక్కన ఆ ఏడాది ఉపగ్రహ చిత్రం కూడా అచ్చెయ్యండి, చూద్దాం.