జనవరిలో తిట్టేవాడే అసలు ఫ్యాన్

కార్నెల్ యూనివర్సిటీ ఐస్ హాకీ ఫ్యాన్స్‌ని చూసి జాలిపడేవాళ్లు చాలామందే ఉన్నారు. పాపం వీళ్లకి సీజన్ మొత్తం టెన్షనే, టీమ్ ఒక వారం ఇరగదీస్తుంది, తర్వాతి వారం డ్రాతో సరిపెట్టుకుంటుంది, ఆ తర్వాత గెలిచే మ్యాచ్‌ని చేజేతులా పోగొట్టుకుంటుంది, అయినా కార్నెల్ ఉన్న ఊరు ఇథాకా చలిలో వెళ్లి నిలబడి గొంతు చించుకుంటారు, ఎందుకొచ్చిన బాధ అని. నాకైతే ఈ జాలి చూస్తే నవ్వొస్తుంది. ఆ ఎత్తుపల్లాలే కదా వాళ్ల ఆస్తి. అమెరికా కాలేజీ హాకీలో ఇప్పుడొస్తున్న మార్పులన్నీ ఆ ఆస్తికే ఎసరు పెడుతున్నాయి, మన ఐపీఎల్ అయితే ఆ పని ఎప్పుడో కానిచ్చేసింది.

2024-25 సీజన్ ఫాలో అయినవాళ్లకి కథంతా మళ్లీ చెప్పక్కర్లేదు. 1995 నుంచి కోచ్‌గా ఉన్న మైక్ షేఫర్‌కి అది ఆఖరి సీజన్, అది ముందే అనౌన్స్ చేశారు, అంతకుముందు ఏడాది తాము ఆడే లీగ్ ఈసీఏసీ కప్పు కొట్టి, కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే జాతీయ టోర్నీలో డెన్వర్ చేతిలో 2-1తో ఓడారు, ఆ డెన్వరే చివరికి ఛాంపియన్ అయింది కాబట్టి ఈసారి మనదే అని అందరూ ఫిక్స్ అయిపోయారు. తీరా మొదలయ్యాక గాయాలు, గాయాల మీద గాయాలు, లీగ్ టేబుల్‌లో కింద మీద పడటం, ఫిబ్రవరి వచ్చేసరికి ర్యాంకింగ్ బట్టి ఎన్‌సీఏఏలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఇక ఈసీఏసీ కప్పు కొడితేనే ముందుకి, లేదంటే ఇంటికి. అలాంటి టీమ్ లేక్ ప్లాసిడ్ వెళ్లి ఫైనల్లో క్లార్క్‌సన్‌ని 3-1తో కొట్టింది, తర్వాత టొలీడోలో రీజియన్ టాప్ సీడ్ మిచిగన్ స్టేట్‌ని ఇంకో 10 సెకన్లలో మూడో పీరియడ్ అయిపోతుందనగా గోల్ కొట్టి 4-3తో ఇంటికి పంపింది, ఆ తర్వాత బోస్టన్ యూనివర్సిటీ మీద ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడింది. షేఫర్ కోచింగ్ అక్కడితో అయిపోయింది. మొత్తం లెక్క 19 గెలుపులు, 11 ఓటములు, 6 డ్రాలు.

ఇప్పుడు ఆ 10 సెకన్ల గోల్ సంగతి చూద్దాం. యూట్యూబ్‌లో దాన్ని ఎవరైనా చూడొచ్చు, చూసి వావ్ అనొచ్చు, ఇంకో వీడియోకి వెళ్లిపోవచ్చు. కానీ జనవరిలో పవర్ ప్లే (పెనాల్టీతో అవతలి టీమ్‌లో ఒకడు తగ్గే టైమ్) ఒక్కటి కూడా సరిగ్గా ఆడట్లేదని తిట్టుకుంటూ, ఈసారి ఎవరికి దెబ్బ తగిలిందో అని లైనప్ వెతుక్కుంటూ, వచ్చేవారం నుంచి చూడను బాబోయ్ అని ఒట్టేసి మళ్లీ శుక్రవారం రాత్రి ఏడింటికి టీవీ ముందు కూర్చున్నవాడు ఉన్నాడే, ఆ గోల్ వాడిది. మార్చిలో మాత్రమే వచ్చి జెర్సీ వేసుకునేవాడు క్లైమాక్స్‌కి పది నిమిషాల ముందు హాల్లోకి దూరి సినిమా మొత్తం చూశానని చెప్పుకునే రకం. అందుకే జనవరిలో తిట్టేవాళ్లని నెగటివ్ ఫ్యాన్స్ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తిట్టడానికైనా చూడాలి కదా. పట్టించుకోనివాడికి తిట్టే ఓపిక కూడా ఉండదు.

అసలు కార్నెల్ సీజన్ ఇలా ఊగిసలాడటంలో ఆశ్చర్యం ఏముంది. కార్నెల్, హార్వర్డ్ లాంటి పాత యూనివర్సిటీల కూటమి ఐవీ లీగ్, ఆ టీములు అక్టోబర్ ఆఖర్లో గానీ మొదలుపెట్టవు, అప్పటికి మిగతావాళ్లు అరడజను మ్యాచులు ఆడేసి మంచి ఊపు మీద ఉంటారు. వేరే టీములకి రెగ్యులర్ సీజన్లో 34 మ్యాచుల వరకు ఛాన్స్ ఉంటే ఐవీ వాళ్లకి 29 మాత్రమే. అంటే ప్రతి ఓటమి బరువు ఎక్కువ, నవంబర్‌లో ఒక చెత్త వీకెండ్ పడితే దాన్ని కడుక్కోవడానికి మ్యాచులే మిగలవు. దాని మీద ఎన్‌సీఏఏ టోర్నీకి దేశం మొత్తం మీద 16 టీములే, అందులో ఆరు సీట్లు లీగ్ ఛాంపియన్లకి పోతాయి, వెళ్లాక ఒక్క మ్యాచ్ ఓడితే బ్యాగ్ సర్దుకోవాల్సిందే, ఐపీఎల్ క్వాలిఫయర్‌లాగా ఇంకో ఛాన్స్ ఉండదు. ఇలాంటి సిస్టమ్‌లో నిలకడ కావాలి నిలకడ కావాలి అని పట్టుబట్టేవాళ్లకి ఆట అర్థం కాలేదనే నేనంటాను.

కార్నెల్ సొంత హాలు లైనా రింక్ గురించి చెప్పకుండా ఈ విషయం సగమే అవుతుంది. 1957లో తెరిచిన హాలు, పట్టేది 4,267 మంది, స్టూడెంట్ సెక్షన్లలో మ్యాచ్ అంతా ఎవరూ కూర్చోరు. అవతలి టీమ్ ప్లేయర్ల పేర్లు చదువుతుంటే ఇక్కడ అందరూ ఒక్కసారిగా న్యూస్‌పేపర్లు విప్పి మొహాలకి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు, బోరింగ్ బోరింగ్ అని అరుస్తారు, అయిపోగానే ఆ పేపర్లని ఉండలు చుట్టి విసిరేస్తారు. గోల్ పడిన ప్రతిసారీ అవతలి గోలీని, అంటే గోల్ కీపర్‌ని, జల్లెడా జల్లెడా అని ఏడిపిస్తారు, తప్పంతా నీదే అని కోరస్ వేస్తారు. హార్వర్డ్ వస్తే ఇంకో లెవెల్. 1973లో హార్వర్డ్ వాళ్లు వీళ్లది వ్యవసాయం కాలేజీ అని ఎగతాళి చేస్తూ కార్నెల్ గోలీ మీదకి కోడిని విసిరారట, అంతే, అప్పటినుంచి హార్వర్డ్ టీమ్ ఐస్ మీదకి రాగానే చేపలు ఎగిరొచ్చి పడతాయి. గేట్ దగ్గర చెకింగ్ ఉంటుందని చేపల్ని చొక్కాల్లో, ప్యాంట్లలో దాచి తెస్తారు, ఆ కంపు ఊహించుకోండి. ఆ షేఫర్ కూడా 80ల్లో ఇక్కడ ప్లేయర్‌గా ఉన్నప్పుడు హార్వర్డ్ మ్యాచ్‌కి ముందు పరిచయాలు జరుగుతుంటే తన హెల్మెట్ మీదే స్టిక్ విరగ్గొట్టుకున్న మనిషి. ఆయన తర్వాత వచ్చిన కేసీ జోన్స్ కూడా ఇదే రింక్‌లో ఆడినవాడే, మధ్యలో చాలా ఏళ్లు క్లార్క్‌సన్‌కి కోచింగ్ చేసి తిరిగొచ్చాడు. హార్వర్డ్ సొంత రింక్‌లో మ్యాచ్ అయినా సగం హాలు ఎర్ర జెర్సీలే, దాన్ని లైనా ఈస్ట్ అని పిలుచుకుంటారు, అంత పొగరు. మన తెలుగు పిల్లలు అమెరికా యూనివర్సిటీల్లో వేలల్లో ఉన్నారు, తమ క్యాంపస్‌లో ఇలాంటి రింకో స్టేడియమో ఉన్నా చాలామంది అటువైపు తొంగి కూడా చూడరు, అది వాళ్లకే నష్టం అని మాత్రం అంటాను.

దెబ్బలు కూడా మామూలువి కావు. 1970లో 29 మ్యాచులు ఆడి 29 గెలిచి ఛాంపియన్ అయ్యారు, ఒక్క డ్రా కూడా లేదు, మెన్స్ టాప్ డివిజన్లో అలాంటి సీజన్ ఇంకెవరికీ లేదు. ఆ తర్వాత నేషనల్ టైటిల్ మళ్లీ రాలేదు. 2003లో ఫ్రోజెన్ ఫోర్, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్ దాకా వెళ్లి ఆగారు. 2020లో దేశంలో నంబర్ వన్ ర్యాంక్, 23 గెలుపులు, రెండంటే రెండే ఓటములు, ఇక ఈసారి ఆపేవాడే లేడు అనుకుంటుండగా కోవిడ్ వచ్చి టోర్నమెంటే ఎత్తేశారు. ఆ మరుసటి ఏడాది ఐవీ లీగ్ సీజన్ మొత్తాన్ని క్యాన్సిల్ చేసింది. అంటే ఆ గాయం మానడానికి కూడా మ్యాచులు లేవు! ఇంత జరిగాక కూడా జనం మళ్లీ వచ్చారంటే దాన్ని నేను కప్పుల లెక్కలో కొలవలేను. 2025 సెప్టెంబర్‌లో కెన్ డ్రైడెన్ చనిపోయారు, మాంట్రియల్‌కి ప్రొఫెషనల్ హాకీలో అతి పెద్ద కప్పు స్టాన్లీ కప్‌ని ఆరుసార్లు అందించిన గోలీ, 1967లో కార్నెల్ మొదటి టైటిల్ కొట్టినప్పుడు గోల్ దగ్గర నిలబడింది ఈయనే. అది జరిగి అరవై ఏళ్లు కావొస్తున్నా ఆ పేరు ఆ హాల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

అవతలివాళ్ల మాట కూడా వినాలి కాబట్టి వింటాను. అర్ధ శతాబ్దంగా టైటిల్ లేని టీమ్‌ని పట్టుకుని సంప్రదాయం సంప్రదాయం అంటే సరిపోతుందా, అరుపులకి గోల్స్ పడవు కదా, ప్లేయర్స్‌కి డబ్బులిచ్చి మంచి టీమ్ కట్టుకుంటే తప్పేంటి, ఇన్నాళ్లూ యూనివర్సిటీలు వాళ్లని ఊరికే వాడుకున్నాయి కదా అంటారు. చివరి ముక్క నిజమే, ఆడేవాడికి డబ్బు రావాల్సిందే, దాంట్లో నాకు పేచీ లేదు. మిగతాదంతా కప్పుల షాపు ఓనర్లు మాట్లాడే మాట.

ఎందుకంటే ఇప్పుడు నిజంగా మారుతోంది ఇంకొకటి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ప్లేయర్ ఏడాదికో కాలేజీ మారొచ్చు. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లని ఇదివరకు ప్రొఫెషనల్స్ కింద లెక్కేసి ఎన్‌సీఏఏ గేటు బయటే ఆపేది, 2024 నవంబర్‌లో ఆ రూల్ మార్చి 2025 ఆగస్ట్ నుంచి తలుపులు బార్లా తీశారు. ప్లేయర్స్ ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు సెటిల్‌మెంట్ ఓకే అయ్యాక ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది అన్ని ఆటలకీ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా ప్లేయర్స్‌కి నేరుగా పంచొచ్చు. ఐవీ లీగ్ మాత్రం అందులో చేరలేదు, వాళ్లు అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులు కూడా ఇవ్వరు. పెన్ స్టేట్‌ని చూడండి, బిలియనీర్ టెర్రీ పెగులా ఇచ్చిన 10 కోట్లకు పైగా డాలర్లతో 2012లో టాప్ డివిజన్‌కి వచ్చిన టీమ్, 2024-25లో బిగ్ టెన్ లీగ్ మొదట్లో వరసగా తన్నులు తిని తిని చివరికి మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కి వెళ్లింది. ఎంత గొప్ప సీజన్ అది, నాకైతే ఆ ఏడాది ఛాంపియన్ వెస్టర్న్ మిచిగన్ కథ కంటే ఇదే నచ్చింది. ఆ తర్వాత ఎండాకాలంలో కెనడా జూనియర్ లీగ్ స్టార్ గావిన్ మెక్‌కెన్నాని తెచ్చుకున్నారు, దాదాపు ఏడు లక్షల డాలర్ల డీల్ అని అక్కడి మీడియా రాసింది. పిల్లాడు అద్భుతమైన ప్లేయర్, డౌటే లేదు. కానీ పల్లం అనేదే ఉండకూడదని చెక్కు రాసిన చోట ఫ్యాన్ కాస్తా కస్టమర్ అవుతాడు, కస్టమర్‌కి జనవరి ఓపిక ఉండదు, సర్వీస్ బాలేదంటాడు, వెళ్లిపోతాడు.

మనకి ఇది కొత్తేం కాదు. హైదరాబాద్ సంగతే తీసుకోండి. డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు కొట్టింది, 2012లో టీమే మాయం. సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో వార్నర్ కప్పు తెచ్చాడు, తెలుగు పాటలకి ఇంటిల్లిపాదితో స్టెప్పులేసి మన ఇంట్లో మనిషి అయిపోయాడు, 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పీకేసి తర్వాత టీమ్‌లోంచే పక్కన పెట్టారు. భువనేశ్వర్ 2014 నుంచి 2024 దాకా ఇక్కడే బౌలింగ్ చేశాడు, వరసగా రెండేళ్లు పర్పుల్ క్యాప్ తెచ్చాడు, మెగా ఆక్షన్‌లో 10.75 కోట్లకి బెంగళూరు ఎత్తుకుపోయింది, వెళ్లిన మొదటి ఏడాదే వాళ్లతో కప్పు ఎత్తాడు. సిరాజ్ మన హైదరాబాద్‌లోనే పెరిగిన కుర్రాడు, 2017లో ఒక్క సీజన్ ఇక్కడ ఉంచుకుని వదిలేశారు, 2025 ఏప్రిల్‌లో గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కి వచ్చి 17 రన్స్‌కి 4 వికెట్లు తీసి మన టీమ్‌నే పడుకోబెట్టాడు. స్టాండ్స్‌లో జనానికి చప్పట్లు కొట్టాలో తల పట్టుకోవాలో తెలీని పరిస్థితి. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు.

అదే 2025లో సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టింది, 300 ఎప్పుడు అని ఊరంతా మీమ్స్, తర్వాత వరసగా ఓటములు, చివరికి ఆరో ప్లేస్. ఎత్తుపల్లాల సీజన్ అంటే ఇంతకంటే ఏం కావాలి, కానీ అది ఎవరి గుండెల్లోనూ మిగల్లేదు, ఎందుకంటే మూడేళ్లకోసారి టీమ్‌ని కిందపోసి మళ్లీ వేలం పాడుతుంటే ఎవడి మీదని బెంగ పెట్టుకోవాలి. లైనాలో మొదటి ఏడాది తడబడిన కుర్రాడు నాలుగో ఏడాది కెప్టెన్ అవడం చూస్తారు, వాడితో పాటు చదివినవాళ్లు, పరీక్షలు రాసినవాళ్లు. మన దగ్గర వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకి అట్టిపెట్టుకున్నారు, సంతోషం, అభిషేక్ శర్మని 14 కోట్లకి ఉంచుకున్నారు, అదీ సంతోషం. వీళ్లు 2028 సీజన్‌కి ఇక్కడే ఉంటారని ఎవరైనా గ్యారంటీ ఇస్తారా?

బీసీసీఐ అనుకుంటే పెద్ద పని కాదు ఇది. ఒక టీమ్‌కి అయిదేళ్లు ఆడినవాణ్ణి ఉంచుకుంటే పర్స్‌లో సగం ధరే కోయండి, సొంత రాష్ట్రం ప్లేయర్ ఇద్దరిని లెక్కలో లేకుండా ఉంచుకోనివ్వండి, లోకల్ కుర్రాళ్లని తీసుకోవాలనే రూల్ ఐపీఎల్ మొదట్లో ఉన్నదే కదా. ఫ్రాంచైజీలు ఒప్పుకోవు అంటారు, ఆక్షన్ రెండు రోజుల టీవీ రేటింగ్ పోతుందని బ్రాడ్‌కాస్టర్ ఒప్పుకోడు అంటారు. ఒప్పుకోకపోతే అడుగుదాం, ఉప్పల్లో టికెట్ కొనేది వాళ్లు కాదు.